అబద్ధమని తేలింది, సరే... మీకు పోయిందెంత?

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబయి హైవే పొడవునా హోర్డింగులే. వెంచర్లు, హైరైజ్ అపార్ట్‌మెంట్లు, ఎలక్ట్రిక్ ఆటోలు, ఐఐటీ కోచింగులు. ఒక్కో బోర్డు మీద ఒక్కో హామీ. వాటిలో కొన్ని నీటిమూటలని తేలాక జనం కన్స్యూమర్ కోర్టు మెట్లెక్కుతారు. అక్కడ 'వాళ్లు అబద్ధం చెప్పారు' అన్నదాన్ని గట్టిగానే నిలబెడతారు. 'దానివల్ల నాకు ఇంత పోయింది' అన్న దగ్గర తడబడతారు. కేసు గెలిచి కూడా చేతికి కొద్దిపాటి డబ్బే రావడానికి తరచూ ఇదే కారణం. ఆ రెండో సగం మీద పాఠకులు తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులివి.

1. ప్రకటన అబద్ధమని రుజువు చేస్తే చాలదా? నష్టం లెక్క కూడా నేనే చెప్పాలా?

మీరు ఏం అడుగుతున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఆ ప్రకటన ఆపించాలంటే, సవరణ ప్రకటన వేయించాలంటే అబద్ధం రుజువైతే చాలు. పరిహారం కావాలంటే మాత్రం చాలదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 39వ సెక్షన్ ప్రకారం, ఎదుటివారి నిర్లక్ష్యం వల్ల వినియోగదారుడికి కలిగిన నష్టానికి లేదా హానికి పరిహారం ఇప్పించవచ్చు. అంటే మూడు విషయాలు చూపాలి. వాళ్లు తప్పు చేశారు. నాకు నష్టం జరిగింది. ఆ తప్పు వల్లే ఈ నష్టం జరిగింది. మూడింటిలో ఏది జారినా పరిహారం జారిపోతుంది.

ఇది మన దేశానికే ప్రత్యేకం కాదు. ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టంలోని 236వ సెక్షన్ కూడా తప్పుదోవ పట్టించడం 'వల్ల' నష్టపోయినవారికే పరిహారమంటుంది.

2. తప్పుదోవ పట్టించడం అంటే ఏమిటి? అతిశయోక్తి కూడా తప్పేనా?

వస్తువును లేదా సేవను తప్పుగా వర్ణించడం, ఉత్తుత్తి గ్యారంటీ ఇవ్వడం, నాణ్యత, పరిమాణం విషయంలో కొనేవాళ్లను పొరబాటు పడేలా చేయడం, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం. ఇవన్నీ చట్టంలోని 2(28) సెక్షన్ కిందికి వస్తాయి. 'జిల్లాలోనే బెస్ట్ బిర్యానీ' అన్నది గొప్పలు చెప్పుకోవడం. దాన్ని ఎవరూ కొలిచి చూడరు. 'ఓఆర్ఆర్‌కు 5 నిమిషాలు', 'హెచ్‌ఎండీఏ అప్రూవ్డ్', 'ఒక్క ఛార్జింగ్‌తో 150 కిలోమీటర్లు' అన్నవి కొలవగలిగే మాటలు. కేసు నిలిచేది ఇలాంటి వాటి మీదే.

అలాగని ప్రతి చిన్న పొరపాటూ నేరం కాదు. నొవినో బ్యాటరీల ప్రకటనలో జపాన్ భాగస్వామి కంపెనీ పేరు బదులు దాని బ్రాండు పేరు వేశారు. కొనేవారిని మోసగించేంత తేడా అందులో లేదని సుప్రీంకోర్టు 1989లో తేల్చింది.

3. ప్రకటన కింద చిన్న అక్షరాల్లో 'షరతులు వర్తిస్తాయి' అని ఉంది. ఇక నా కేసు పోయినట్టేనా?

కాదు. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, మార్గదర్శకాలు తెచ్చింది. ప్రధాన ప్రకటనలోని అబద్ధాన్ని కింది గమనికతో సరిదిద్దుకోవడం వాటి ప్రకారం కుదరదు. ప్రకటన ఏ భాషలో ఉంటే గమనికా అదే భాషలో, అదే ఫాంటులో ఉండాలి. తెలుగులో పెద్దగా హామీ ఇచ్చి, షరతులు మాత్రం ఇంగ్లిష్‌లో చీమల బారులా వేస్తే అదే మీ కేసుకు బలం. ఆ బోర్డును పూర్తిగా, దగ్గరగా, రెండు రకాలుగా ఫొటో తీసి పెట్టుకోండి.

4. నాకు డబ్బు నష్టమేమీ లేదు. నలుగురూ మోసపోకుండా ఆ ప్రకటన ఆగితే చాలు. ఎవరికి చెప్పాలి?

చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం జిల్లా కలెక్టర్‌కైనా, నేరుగా సీసీపీఏకైనా రాతపూర్వకంగా గానీ ఆన్‌లైన్‌లో గానీ ఫిర్యాదు పంపవచ్చు. ఇక్కడ మీ జేబు లెక్క ఎవరూ అడగరు. ప్రకటన జనాన్ని తప్పుదోవ పట్టించేదా కాదా అన్నదే ప్రశ్న. మొదటిసారికి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం 21వ సెక్షన్ ఇచ్చింది.

ర్యాపిడో ఉదాహరణ చూడండి. '5 నిమిషాల్లో ఆటో, లేదంటే 50 రూపాయలు' అని ప్రచారం చేశారు. తీరా ఇచ్చింది నగదు కాదు, 50 రూపాయల 'వరకు' కాయిన్లు. అవీ బైక్ రైడ్లకే, అదీ 7 రోజుల్లోపే. 2025 ఆగస్టులో సీసీపీఏ 10 లక్షల జరిమానా వేయడంతో పాటు, ఆ మొత్తం రాని ప్రయాణికులకు తిరిగి చెల్లించాలని ఆదేశించింది.

జరిమానా ప్రభుత్వానికి వెళ్తుంది. మీ సొంత నష్టం రాబట్టుకోవాలంటే మాత్రం వినియోగదారుల కమిషన్‌కు, అంటే కన్స్యూమర్ కోర్టుకు, వెళ్లాల్సిందే.

5. పాశమైలారంలో చిన్న షెడ్డులో లేత్ మిషన్ పెట్టుకున్నాను. చెప్పిన కెపాసిటీ రావడం లేదు. నేను వినియోగదారుడినేనా?

వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారన్నది మామూలు నియమం. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొని తానే వాడుకునేవారికి మినహాయింపు ఉంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచింది. సొంతంగా నడుపుకోవడానికి ఆటో కొన్నవారు, లారీ కొన్నవారు, తానే పని చేసుకోవడానికి లేత్ మిషన్ కొన్నవారు వినియోగదారులే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు.

పది మంది ఆపరేటర్లతో మూడు షిఫ్టులు నడిపే యూనిట్‌కు ఇది వర్తించదు. వాళ్లు కాంట్రాక్టు చట్టం, 1872 కింద సివిల్ కోర్టుకు వెళ్లాలి. కాబట్టి ఫిర్యాదులో మొదటి పేరాలోనే 'నా కుటుంబ పోషణ కోసం నేనే నడుపుకుంటున్నాను' అని రాయండి. లేదంటే ఎదుటి వకీలు మొట్టమొదట పట్టుకునేది ఇదే.

6. నష్టం కింద ఏమేం అడగవచ్చు?

ముఖ్యంగా నాలుగు రకాలు. ఒకటి, చెప్పిన వస్తువుకూ వచ్చిన వస్తువుకూ మధ్య విలువలో తేడా. రెండు, అబద్ధం వల్ల చేతి నుంచి పెట్టిన అదనపు ఖర్చు: మరమ్మతు, కిరాయి, పరీక్షల ఫీజు. మూడు, పోగొట్టుకున్న ఆదాయం. నాలుగు, మానసిక వేదన, ఇబ్బంది.

దూరపు నష్టాలు రావు. 'ఆ బండి సరిగ్గా నడిచుంటే రెండో బండి కొనేవాణ్ని, దాంతో ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ పెట్టేవాణ్ని' అంటే కమిషన్ వినదు. మామూలుగా ఆ తప్పు నుంచి నేరుగా పుట్టే నష్టానికే పరిహారమని కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ చెబుతుంది. కమిషన్ల ఆలోచనా దాదాపు అదే దారిలో ఉంటుంది.

7. లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణతో చెప్పగలరా?

ఇది కల్పించిన ఉదాహరణ. ఇస్నాపూర్‌లో ఒకాయన సొంతంగా నడుపుకోవడానికి 4,20,000 రూపాయలకు ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటో కొన్నాడనుకుందాం. 'లోడుతో ఒక్క ఛార్జింగ్‌కు 150 కిలోమీటర్లు' అని షోరూం వాళ్లు రాసిచ్చారు. తీరా 90 దాటడం లేదు. ఆయన '5 లక్షల పరిహారం ఇప్పించాలి' అని ఒకే ఒక్క వాక్యం రాసి ఫిర్యాదు పెడితే అది కోరిక అవుతుంది గానీ లెక్క కాదు. లెక్క ఇలా ఉండాలి:

- విలువలో తేడా: 90 కిలోమీటర్లు నడిచే అదే తరహా కొత్త బండి అప్పట్లో 3,60,000. తేడా 60,000. రుజువు: వేరే రెండు షోరూంల కొటేషన్లు.
- దారిలో బండి ఆగినప్పుడు సరుకు చేర్చడానికి మరో బండి కిరాయి: 12 సార్లు, సారికి 1,500 చొప్పున 18,000. రుజువు: యూపీఐ చెల్లింపులు, డెలివరీ చలాన్లు.
- రెండో ట్రిప్పు వేయలేక పోయిన ఆదాయం: ఖర్చులు పోను రోజుకు 700, అలా 40 రోజులకు 28,000. రుజువు: అంతకుముందు నడిపిన బండితో వచ్చిన రాబడి, ఇప్పటి రాబడి చూపే బ్యాంకు స్టేట్‌మెంట్లు.
- పరీక్ష ఫీజు, సర్వీస్ సెంటర్‌కు తిరిగిన ఖర్చు: 4,500. రుజువు: రసీదులు.

మొత్తం 1,10,500 రూపాయలు. ఇందులో మూడు జాగ్రత్తలున్నాయి. కిరాయి బండి పెట్టిన రోజులకే మళ్లీ ఆదాయం పోయిందని అడగకూడదు. ఆదాయమంటే చేతికొచ్చిన మొత్తం కాదు, ఖర్చులు పోగా మిగిలింది. బండి వాపసిచ్చి డబ్బు వడ్డీతో వెనక్కి అడిగితే విలువ తేడా అడగకూడదు. రెండూ అడిగితే ఒకే నష్టానికి రెండుసార్లు చేయి చాచినట్టవుతుంది.

8. 90 కిలోమీటర్లే వస్తోందని ఎలా రుజువు చేయాలి?

నోటిమాట చాలదు. లోడు ఎక్కించాక వేబ్రిడ్జి దగ్గర తూకం వేయించి చిట్టీ తీసుకోండి. ఫుల్ ఛార్జింగ్ దగ్గర మీటరు రీడింగు, బ్యాటరీ శాతం కనిపించేలా వీడియో తీయండి. బండి ఆగిన చోట మళ్లీ తీయండి. వీలైతే షోరూం మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, జాబ్‌కార్డు మీద ఆయన చేత రాయించుకోండి. సర్వీస్ సెంటర్‌కు వెళ్లిన ప్రతిసారీ జాబ్‌కార్డు కాపీ అడిగి తీసుకోండి. లోపం మీద కంపెనీ సంతకంతో మీ చేతికొచ్చే సాక్ష్యం సాధారణంగా అదే.

లోపం ప్రయోగశాలలో తప్ప తేలదనుకుంటే 38వ సెక్షన్ కింద నమూనాను పరీక్షకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. ఫీజు ముందు మీరే కట్టాలి. ఎదుటివారికి తెలియకుండా మీరే సొంతంగా చేయించుకున్న పరీక్ష కంటే కమిషన్ ద్వారా జరిగిన పరీక్షకు బరువెక్కువ.

9. 'ఆ ప్రకటన చూసే కొన్నాను' అని ఎలా చూపాలి?

లింకు తెగేది సాధారణంగా ఇక్కడే. 'ఆయన మా బ్రోచర్ చూడనే లేదు, స్నేహితుడు చెబితే కొన్నాడు' అంటుంది కంపెనీ. కొనకముందు మీరు ఆ విషయం గురించే అడిగినట్టు చూపగలిగితే ఆ వాదన నిలవదు. 'లోడుతో ఎంత వస్తుంది?' అని మీరు వాట్సాప్‌లో అడగడం, వాళ్లు '150 గ్యారంటీ సార్' అనడం, ఆ తర్వాతే మీరు అడ్వాన్సు కట్టడం. తేదీల వరుస సరిగ్గా ఉంటే మీ తరఫున కాగితాలే మాట్లాడతాయి.

నోటితో ఇచ్చిన హామీ అయితే అదే రోజు మెసేజ్ పెట్టండి: 'ఈ రోజు మీరు ఇలా చెప్పారు, ఆ నమ్మకంతోనే బుక్ చేస్తున్నాను'. వాళ్లు కాదనకపోతే మీకు అదే ఆధారం.

10. వాట్సాప్ చాటింగ్, వీడియోలు చెల్లుతాయా?

చెల్లుతాయి. కమిషన్లు ప్రధానంగా అఫిడవిట్లు, పత్రాల ఆధారంగానే విచారిస్తాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జత చేయండి. అలా చేస్తే అభ్యంతరానికి చోటుండదు. అసలు మెసేజ్ ఉన్న ఫోను అమ్మేయకండి, రీసెట్ చేయకండి. స్క్రీన్‌షాట్ మీద ఫోన్ నంబరు, తేదీ కనిపించాలి.

11. లెక్క లేకపోతే కోర్టులు నిజంగా పరిహారం తగ్గిస్తాయా?

తగ్గిస్తాయి, కొట్టేస్తాయి కూడా. ఢిల్లీలోని ఐటీసీ మౌర్య హోటల్ సెలూన్‌లో చెప్పిన దానికంటే బాగా పొట్టిగా జుట్టు కత్తిరించారని ఒక మహిళ వేసిన కేసులో జాతీయ కమిషన్ 2 కోట్ల రూపాయలు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని రద్దు చేసి, సాక్ష్యం చూపే అవకాశమిస్తూ కేసును వెనక్కి పంపింది. లోపం జరిగిందన్న నిర్ధారణను ముట్టుకోలేదు. పరిహారం సాక్ష్యం మీద నిలవాలి, అడిగినంత మాత్రాన ఇచ్చేది కాదన్నదే అభ్యంతరం.

అంతకుముందు 2016లో హర్యానా పట్టణాభివృద్ధి సంస్థ కేసులోనూ అదే మాట. నష్టం లేదా హాని రుజువు కావడం పరిహారానికి తప్పనిసరి షరతు, ఎంత ఇవ్వాలన్నది ఆ తర్వాతి సంగతి.

12. మానసిక వేదనకు రసీదులుండవు కదా?

ఉండవు. అయినా పరిహారం వస్తుంది. లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో 1993లోనే సుప్రీంకోర్టు వేధింపునకూ, మానసిక వేదనకూ పరిహారం ఇవ్వవచ్చని చెప్పింది. కానీ 'చాలా బాధపడ్డాను' అనే ఒక్క వాక్యం బరువు తూగదు. ఎన్నిసార్లు తిరిగారు, ఎన్ని మెయిళ్లకు జవాబు రాలేదు, ఇంట్లో ఏ శుభకార్యం ఆగింది, ఈఎంఐ ఎగ్గొట్టారని బ్యాంకు నోటీసు వచ్చిందా. ఇవి తేదీలతో అఫిడవిట్‌లో రాయండి.

శిక్షగా వేసే అదనపు పరిహారం వేరు. జనరల్ మోటార్స్ కేసులో ఒక కారును ఎస్‌యూవీ అని ప్రచారం చేశారని జాతీయ కమిషన్ 25 లక్షలు అదనంగా వేసింది. ఫిర్యాదులో అసలు అది అడగలేదు, కంపెనీకి దాని మీద జవాబిచ్చే అవకాశమూ రాలేదంటూ 2014లో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. కావాలంటే ముందే, కారణాలతో సహా అడగాలి.

13. అమీన్‌పూర్ వైపు ప్లాటు కొన్నాను. 'అన్ని అనుమతులూ ఉన్నాయి' అన్నారు. ఇప్పుడది చెరువు ఎఫ్‌టీఎల్‌లో (నీరు నిండే హద్దులో) ఉందంటున్నారు. ఎక్కడికి వెళ్లాలి?

2024 సెప్టెంబర్‌లో అమీన్‌పూర్ మండలంలోని కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడల్లో ఆక్రమణల తొలగింపు సంస్థ హైడ్రా చేసిన కూల్చివేతలు చూశాక ఈ ప్రశ్న ఇంటింటికీ వచ్చింది. దారులు రెండు.

మొదటిది కన్స్యూమర్ కమిషన్. ఉత్త నేల అమ్మకమైతే అది 'సేవ' కాదు. రోడ్లు, డ్రైనేజీ, లేఅవుట్ అనుమతులతో వెంచర్ వేసి అమ్మితే అది సేవే. హైదరాబాద్‌కు చెందిన నార్నె కన్‌స్ట్రక్షన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇది.

రెండోది రెరా. రియల్ ఎస్టేట్ చట్టం, 2016లోని 12వ సెక్షన్ సరిగ్గా ఈ సమస్యకే రాసినట్టుంటుంది. ప్రకటన, బ్రోచర్, మోడల్ ఫ్లాటు చూసి డబ్బు కట్టినవారు అందులోని తప్పుడు సమాచారం వల్ల నష్టపోతే ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి. ప్రాజెక్టు నుంచి తప్పుకోవాలనుకుంటే కట్టిన మొత్తం వడ్డీతో వెనక్కివ్వాలి. భూమి టైటిల్‌లోనే లోపముంటే 18వ సెక్షన్ కింద పరిహారానికి కాలపరిమితి అడ్డురాదు. వడ్డీతో డబ్బు వాపసు రెరా అథారిటీ చూస్తుంది. పరిహారం ఎంతన్నది అడ్జుడికేటింగ్ ఆఫీసర్ తేలుస్తారు. ఒకటి అడిగి రెండోది వదిలేయకండి.

నష్టం లెక్క కోసం సేల్ డీడ్, కట్టిన స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, ఎఫ్‌టీఎల్ హద్దులు చూపే అధికారిక మ్యాపు, రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు కావాలి. ఎఫ్‌టీఎల్‌లో ఉన్న ఆ ప్లాటుకు ఇవాళ మార్కెట్‌లో ఎంత వస్తుందో వాల్యుయర్ రాయాలి. మీరు కట్టిన ధరకూ దానికీ తేడానే మీ అసలు నష్టం.

14. ప్రీ-లాంచ్‌లో కట్టిన డబ్బు మునిగింది. కాగితాలు కూడా సరిగా లేవు.

అమీన్‌పూర్‌లోని సాహితీ శర్వాణి ఎలైట్ ప్రాజెక్టు పేరుతో అనుమతులు రాకముందే కొనుగోలుదారుల నుంచి డబ్బు వసూలు చేశారన్న ఆరోపణ మీద 2022 డిసెంబర్‌లో హైదరాబాద్ సీసీఎస్ పోలీసులు దాన్ని చేపట్టిన సంస్థ ఎండీని అరెస్టు చేసిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. ఇలాంటి చోట్ల నష్టమెంతన్నది తేలికే: కట్టిందంతా. కష్టమంతా కట్టినట్టు చూపడంలో, ఆ తర్వాత వసూలు చేయడంలో ఉంటుంది. బ్యాంకు ద్వారా కట్టినదానికి స్టేట్‌మెంటే సాక్ష్యం. నగదు ఇచ్చి రసీదు తీసుకోకపోతే ఆ మొత్తం దాదాపు పోయినట్టే.

రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే 3వ సెక్షన్ ఉల్లంఘన. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోవడం 13వ సెక్షన్‌కు విరుద్ధం. ఈ రెండింటి గురించీ డబ్బు కట్టకముందే అడగండి.

15. హోమ్ లోన్ వడ్డీ కూడా బిల్డరే ఇవ్వాలి కదా?

ఇక్కడ చాలామంది ఆశపడి దెబ్బతింటారు. 2025 జూన్‌లో మొహాలీ అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కట్టిన డబ్బు వడ్డీతో వెనక్కి వస్తున్నప్పుడు, డబ్బు ఇన్నాళ్లూ వాళ్ల దగ్గర ఇరుక్కుపోయినందుకు ఆ వడ్డీయే పరిహారం. కొనేవారు బ్యాంకుకు కట్టిన లోన్ వడ్డీని దాని మీద మళ్లీ విడిగా వేయకూడదు. సొంత డబ్బుతో కొన్నారా, అప్పు తెచ్చి కొన్నారా అన్నది బిల్డర్‌కు సంబంధించిన విషయం కాదు.

16. 'ఫ్లాటు రేటు పెరిగింది, మీకు లాభమే' అంటున్నాడు బిల్డర్.

ఫ్లాటు మీ చేతికి వస్తుంటే ఆ వాదనలో కొంత బలముంది. డబ్బు వాపసు తీసుకుంటుంటే అది తిరగబడుతుంది. ఘజియాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది. ఆస్తి దక్కేవారికి పెరిగిన విలువ రూపంలో కొంత పరిహారం అందినట్టే కాబట్టి పరిహారం తక్కువుంటుంది. ఒట్టి డబ్బు వెనక్కి వచ్చేవారు ఆ పెరుగుదలంతా పోగొట్టుకున్నారు కాబట్టి ఎక్కువుండాలి. అన్ని కేసులకూ ఒకే వడ్డీ రేటు గుడ్డిగా వేయకూడదనీ ఆ తీర్పే చెప్పింది. మీ ప్రాంతంలో అదే సైజు ఫ్లాటు ఇవాళ్టి రేటు చూపే రిజిస్టర్డ్ డాక్యుమెంట్ల కాపీలు తెచ్చి పెట్టండి.

17. విత్తనాలు మొలవలేదు. సంచిలో ఉన్నవన్నీ చల్లేశాం. ల్యాబ్‌కు పంపడానికేమీ మిగల్లేదు.

సదాశివపేట, ఆందోల్ వైపు రైతుకు దీని జవాబు మన నేల మీద నుంచే వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల మీద నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వేసిన అప్పీళ్లను సుప్రీంకోర్టు 2012లో కొట్టేసింది. విత్తనం చెడిపోతుందని ముందే ఊహించి కొంత దాచిపెట్టుకోవాలని రైతు నుంచి ఆశించలేమంది. పొలం చూసిన నిపుణుల నివేదికలను ఆధారంగా తీసుకుంది.

కాబట్టి పంట కళ్ల ముందున్నప్పుడే వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా చెప్పి పొలం చూపించండి. ఖాళీ సంచి, లాట్ నంబరు ఉన్న లేబులు, బిల్లు దాచండి. నష్టం లెక్కలో పక్క రైతుకు ఎకరాకు ఎంత దిగుబడి వచ్చిందో, మార్కెట్ యార్డులో ఆ వారం రేటెంతో చూపి, మీకు ఖర్చు కాకుండా మిగిలిన పెట్టుబడిని అందులోంచి తీసేయండి.

18. నష్టాన్ని తగ్గించుకునే బాధ్యత నాకుందా?

ఉంది. మీకు అందుబాటులో ఉన్న మార్గాలతో నష్టాన్ని ఎంత ఆపుకోగలిగేవారో కూడా కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ చూడమంటుంది. 3,000 రూపాయల మరమ్మతుతో నడిచే మిషన్‌ను ఏడాది మూలన పడేసి ఏడాది ఆదాయం అడిగితే రాదు. మరమ్మతుకు ముందు కంపెనీకి నోటీసివ్వండి, ఫొటోలు తీయండి, ఆ తర్వాత బాగు చేయించుకోండి. పాడైన భాగాన్ని పారేయకండి.

19. నష్టం 200 రూపాయలే. కానీ మా కాలనీలో వందల మందిది ఇదే పరిస్థితి.

ఒకే రకమైన నష్టమున్న వినియోగదారులంతా కలిసి, కమిషన్ అనుమతితో, 35వ సెక్షన్ కింద ఒకే ఫిర్యాదు వేయవచ్చు. గుర్తుపట్టలేనంత మంది నష్టపోయారని తేలితే, ఆ వస్తువుల లేదా సేవల విలువలో కనీసం 25 శాతం కట్టించే అధికారం 39వ సెక్షన్‌లో ఉంది.

20. ఎక్కడ, ఎప్పటిలోగా, ఎంత ఖర్చుతో?

మీరు ఉండేచోట లేదా పని చేసుకునేచోట కేసు వేయవచ్చు. కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా సంగారెడ్డి జిల్లా కమిషన్‌కే రావచ్చు. వస్తువుకు మీరు కట్టిన ధర 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్, 50 లక్షలు దాటి 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. చూసేది కట్టిన ధరనే, అడిగే పరిహారాన్ని కాదు. ధర 5 లక్షల్లోపుంటే ఫీజు లేదు. 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000 రూపాయలు.

గడువు 2 ఏళ్లు. ఆలస్యానికి సరైన కారణం చూపితే మన్నించవచ్చు గానీ దాని మీద ఆధారపడకండి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేయవచ్చు. 1915 హెల్ప్‌లైన్‌లో ముందు ఫిర్యాదు నమోదు చేస్తే కొన్ని అక్కడే తేలతాయి. వకీలు తప్పనిసరి కాదు. కావాలనుకునే పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవల చట్టం, 1987లోని 12వ సెక్షన్ కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. పటాన్‌చెరు, బొల్లారం కంపెనీల్లో పనిచేసే చాలామందికి ఈ హక్కు ఉన్న సంగతే తెలియదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

21. గెలిచాను, అయినా డబ్బు కట్టడం లేదు.

71వ సెక్షన్ కింద సివిల్ కోర్టు డిక్రీలాగే అమలు చేయించవచ్చు. 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25 వేలకు తక్కువ కాకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. జిల్లా కమిషన్ తీర్పు మీద వాళ్లు అప్పీలుకు వెళ్లాలంటే 45 రోజుల్లోగా, తీర్పు మొత్తంలో సగం జమ చేసి వెళ్లాలి.

చివరిగా ఒక్క మాట. నోటీసు రాయించకముందు ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి: ఏం పోయింది, ఎంత పోయింది, దానికి కాగితం ఏది. మూడో గడి ఖాళీగా ఉన్న వరుసను వదిలేయండి, లేదా ఆ కాగితం సంపాదించాకే కేసు వేయండి. మిగిలిన వరుసల మొత్తమే మీ అసలు కేసు.